డైలీ సీరియల్ మీద పరిశోధన ఎలా చేయాలి: ముందు స్టాప్‌వాచ్, సిద్ధాంతం తర్వాత

సీరియళ్ల మీద ప్రాజెక్టు రాయమంటే చాలామంది మొదటి పేజీలోనే తీర్పు చెప్పేస్తారు. ఇవి ఆడవాళ్లను వెనక్కి లాగుతున్నాయి, పితృస్వామ్యాన్ని పెంచి పోషిస్తున్నాయి అని. ఆ మాట నిజమే కావచ్చు. కాకపోతే ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా చెప్పగలిగిన మాట అది. చూశాక మాత్రమే చెప్పగలిగిన మాట ఒకటైనా మీ పేపర్లో లేకపోతే అన్ని గంటలు టీవీ ముందు కూర్చున్నది దండగే.

ఇక్కడ చెప్పే పద్ధతి జర్నలిజమో తెలుగో సామాజికశాస్త్రమో చదివే పీజీ విద్యార్థి ఒక సెమిస్టర్‌లో ఒంటి చేత్తో పూర్తి చేయగలిగినది. 30 ఎపిసోడ్లు, సుమారు 15 వారాల పని. ఉదాహరణకు ఎక్కువగా ‘కార్తీక దీపం’ తీసుకుందాం. 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన సీరియల్ ఇది. మలయాళ ‘కరుత్తముత్తు’కు రీమేక్. వంటలక్క (కథానాయిక దీప), డాక్టర్ బాబు (ఆమె భర్త) అంటే తెలియని తెలుగిల్లు తక్కువ. ఒంటి రంగు మీద వివక్షను ఎదిరించే కథగా మొదలైంది కాబట్టి మన పనికి కావలసిన చిక్కులన్నీ ఇందులో దొరుకుతాయి.

1. ప్రశ్నను చిన్నది చేయండి

‘తెలుగు సీరియళ్లలో స్త్రీ పాత్ర చిత్రణ’ అనేది ప్రశ్న కాదు, పుస్తకాల బీరువా మీద అంటించే చీటీ. దాన్ని ఇలా కుదించండి: ‘ఈ సీరియల్ ఇంట్లో ఆఖరి మాట ఎవరిది? ఆ అధికారం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది: వయసా, డబ్బా, ఉద్యోగమా, మగపుట్టుకా, దేవుడి సాక్ష్యమా?’ ఇది లెక్కపెట్టగలిగిన ప్రశ్న. పైగా మీరు ఊహించని జవాబు కూడా రావచ్చు. చాలా సీరియళ్లలో ఇంటి ఆఖరి మాట మామగారిది కాదు, అత్తగారిది. మీ సీరియల్‌లో లెక్క అలాగే తేలితే ‘పితృస్వామ్యం’ అనే ఒక్క ముద్ర వేసి ముగించలేరు. ఒక ఆడమనిషి చేతిలో ఉన్న అధికారం ఎవరి తరఫున పనిచేస్తోందో వివరించాలి. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దానికి రాగల రెండు వ్యతిరేక జవాబులను కాగితం మీద రాయండి. రెండోది రాయలేకపోతే ప్రశ్న మార్చండి.

భావజాలం అనే మాటను కూడా ఇక్కడే తేల్చుకోండి. సీరియల్ చెప్పే నీతి భావజాలం కాదు. చెప్పాల్సిన అవసరమే లేదని సీరియల్ అనుకున్నది భావజాలం. ‘కార్తీక దీపం’లో నల్లగా ఉన్నంత మాత్రాన మనిషిని తక్కువ చేయకూడదని పాత్రలు నోరు తెరిచి చెబుతాయి. అది సందేశం. భర్త అనుమానించాక తన పవిత్రతను నిరూపించుకునే బరువు ఏళ్ల తరబడి దీప మీదే ఎందుకుంది? అతను డాక్టరై ఉండి అన్నేళ్లూ ఒక్క డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించలేదు? జనం దీని మీద జోకులు వేసుకున్నారు గానీ, ఆ జోకే మీ పరిశోధన ప్రశ్న కావచ్చు. పరీక్ష జరిగితే కథ అయిపోతుంది, నిజమే. కానీ కథను అన్నేళ్లు నిలబెట్టడానికి రచయితలకు దొరికిన గుంజ ‘భార్య శీలం’ కావడం, ప్రేక్షకులు దాన్ని అసాధ్యం అనుకోకపోవడం, ఈ రెంటినీ కలిపి చూస్తే భావజాలం కనిపిస్తుంది.

2. ఎపిసోడ్లు ఏరుకోవడం

1,500కు పైగా ఎపిసోడ్లున్న సీరియల్‌ను మొత్తం చూడలేరు, చూడక్కర్లేదు. అలాగని నచ్చిన సీన్లు ఏరుకుంటే అది పరిశోధన కాదు. యూట్యూబ్ క్లిప్పులతో పని కానిచ్చే వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ క్లిప్పులను ఏరింది చానెల్ ప్రోమో విభాగం. చెంపదెబ్బలు, శపథాలు, స్పృహ తప్పి పడిపోవడాలు ఏరి పెడతారు. వాటిని లెక్కపెడితే సీరియల్‌లో ఏముందో తేలదు, ఏది అమ్ముడుపోతుందని చానెల్ అనుకుంటోందో తేలుతుంది. అదీ ఒక ప్రశ్నే, కానీ వేరే ప్రశ్న.

సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్‌కు ఈ లెక్క సరిపోతుంది:

మొదటి వారం మొత్తం, 6 ఎపిసోడ్లు. పాత్రలు, ఇల్లు, డబ్బు, ఎవరిని ఎలా పిలవాలి, అన్నీ ఇక్కడే స్థిరపడతాయి.

కథ మలుపు తిరిగిన ఒక వారం, 6 ఎపిసోడ్లు. పెళ్లి, గెంటివేత, నిజం బయటపడటం లాంటిది.

మిగతా 18 లాటరీతో. తేదీలతో ఎపిసోడ్ల జాబితా రాసుకుని సోమవారాలన్నీ ఒక దొంతర, మంగళవారాలన్నీ ఒక దొంతర, ఇలా ఆరు దొంతర్లు చేయండి. ఒక్కో దొంతర నుంచి 3 చీటీలు తీయండి. అంటే మూడు ‘కూర్చిన వారాలు’ వస్తాయి.

వారాల గొడవ ఎందుకంటే, శనివారం ఎపిసోడ్ చివర్లో పెట్టే ముడి ఆదివారం దాటి సోమవారం దాకా జనాన్ని లాగాలి. అందుకే ఆ రోజు అరుపులు ఎక్కువ, సంగీతం ఎక్కువ. అన్నీ శనివారాలే పడితే మీ సీరియల్ ఉన్నదానికంటే హింసగా కనిపిస్తుంది. శ్రావణమాసం, సంక్రాంతి వారాలు కూడా ఇంతే. వ్రతాలు, ముగ్గుల పోటీలు, పక్క సీరియల్ పాత్రలు వచ్చి కలిసే ‘మహా సంగమం’ ఎపిసోడ్లు అక్కడ గుంపుగా ఉంటాయి. లాటరీలో అలాంటివి వస్తే తీసేయకండి, పట్టికలో గుర్తు పెట్టుకోండి.

2020 మార్చి చివరి నుంచి కొన్ని నెలలు షూటింగులు ఆగి పాత ఎపిసోడ్లే తిరిగి వేశారు. ప్రసార తేదీని బట్టి లాటరీ తీస్తే ఒకే ఎపిసోడ్ రెండుసార్లు రావచ్చు. ఎపిసోడ్ నంబర్‌తో సరిచూసుకోండి.

3. ఓటీటీలో చూస్తే సగమే చూసినట్టు

జియోహాట్‌స్టార్‌లోనో మరో యాప్‌లోనో చూడటం సుఖం. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు.  కానీ అక్కడ టీవీ ప్రకటనలు, అడుగున పాకే బ్యానర్లు, ముందూ వెనకా వచ్చే సీరియళ్లు ఉండవు. బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ మయామీలో ఒక రాత్రి అమెరికన్ టీవీ చూస్తూ, సినిమా ఎక్కడ ఆగి ప్రకటన ఎక్కడ మొదలైందో తెలియక తికమకపడ్డాడు. టీవీలో మనం చూసేది విడివిడి కార్యక్రమాలను కాదు, ఒక ప్రవాహాన్ని అని 1974లో రాశాడు. మనకు ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది.

అందుకని కనీసం ఒక వారం, అదే టైమ్ స్లాట్‌లో, మామూలు టీవీలో చూడండి. సీరియల్ మొదలవడానికి 5 నిమిషాల ముందు కూర్చుని, అయిపోయాక 5 నిమిషాలకు లేవండి. ఒక కాగితం మీద రాయాల్సినవి: ప్రతి విరామం ఏ నిమిషానికి వచ్చింది, ఏ సీన్ మీద ఆగింది, ఏ వస్తువు ప్రకటన, అందులో మాట్లాడేది ఆడా మగా, ప్రకటనలోని ఇల్లు సీరియల్‌లోని ఇంటిలా ఉందా. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో వ్యాపార ప్రకటనలకు 10, చానెల్ సొంత ప్రచారానికి 2. అరగంట స్లాట్‌కు 6 నిమిషాలన్న మాట. మీ స్టాప్‌వాచ్ ఏం చెబుతుందో చూడండి.

చేతిలో స్టాప్‌వాచ్ ఉన్నప్పుడే ఇంకో లెక్క కూడా చేయండి. ఎపిసోడ్‌లో కొత్తగా తెలిసింది ఎన్ని నిమిషాల్లో ఉంది? నిన్నటి కథ, రేపటి ముక్క, ఒక్కో ముఖం మీదికి మూడేసిసార్లు దూసుకెళ్లే కెమెరా, ఫ్లాష్‌బ్యాక్‌లో పాత సీన్, ఇవన్నీ తీసేసి మిగిలింది రాయండి. చాలా ఎపిసోడ్లలో ఈ మిగులు చూసి ఆశ్చర్యపోతారు. దీన్ని సాగదీత అని కొట్టిపారేయకండి. పప్పు పోపు పెట్టుకుంటూ, పిల్లలకు అన్నం పెడుతూ, చెవి మాత్రం టీవీకి ఇచ్చే మనిషి కోసం తయారైన నిర్మాణం అది. ఇంటి చాకిరీ ఎంత దాకా ఉంటుందో సీరియల్ ముందే లెక్కేసుకుంది.

4. సీన్ పట్టిక: పరిశోధనకు గుండెకాయ

సీన్ అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. స్థలం మారినా, కథలో కాలం మారినా కొత్త సీన్. ఒకే హాల్లో కొత్త మనిషి వస్తే కొత్త సీన్ కాదు. ఈ నియమం లేకపోతే పదో ఎపిసోడ్‌కి మీ లెక్క మారిపోతుంది, మీకే తెలియదు.

ఒక్కో సీన్‌కు ఒక్కో వరుస. నిలువు గడులు ఇవి: మొదలు, చివర సమయం, స్థలం, ఎవరున్నారు, సీన్ చివర ఎవరి మాట నెగ్గింది, ఎవరు ఎవరిని ఎలా పిలిచారు, మాండలికం, కనిపించిన పని, అది జీతానికా ఊరికేనా, డబ్బు ప్రస్తావన, చిక్కును ఎవరు తీర్చారు (పోలీసు, కోర్టు, డాక్టర్, జ్యోతిష్కుడు, దేవుడు, పక్కింటావిడ, ఎవరూ లేరు). వీటికి మించి మరీ ఎక్కువ గడులు పెట్టుకుంటే మూడో రోజుకే వదిలేస్తారు.

22 నిమిషాల ఎపిసోడ్‌కు మొదట్లో 3 గంటలు పడుతుంది, చేయి తిరిగాక గంటన్నర. మొదటి రెండు ఎపిసోడ్ల పట్టికను సాధన కింద చేసి చించేయండి. ఆ రెండింటినీ మళ్లీ చేయండి.

పిలుపుల గడి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇంగ్లీషులో రాసిన మీడియా పాఠ్యపుస్తకాలు దీన్ని మీకు నేర్పవు, ఎందుకంటే ఆ భాషలో ‘నువ్వు’, ‘మీరు’ అన్న తేడా లేదు. మన సీరియల్‌లో అధికారం మొత్తం ఈ రెండు మాటల మధ్య నడుస్తుంది. ప్రేమించుకునేటప్పుడు ఆ అమ్మాయి అతన్ని ‘నువ్వు’ అంటుంది. పెళ్లయ్యాక ‘మీరు’, ‘ఏవండీ’ అవుతుంది. ఏ ఎపిసోడ్‌లో మారిందో తేదీతో సహా పట్టుకోండి. అతను మాత్రం ముందూ ‘నువ్వే’, తర్వాతా ‘నువ్వే’. అత్తగారు డబ్బున్న కోడలిని ‘అమ్మా’ అని, లేని కోడలిని ‘ఏయ్’ అని పిలుస్తుందా? పనిమనిషి ‘అమ్మగారు’ అంటే, యజమానురాలు ఆమెను పేరుతో పిలుస్తుందా, అసలు ఆమెకు పేరుందా? కోడలు కోపంలో ఒక్కసారి భర్తను ‘నువ్వు’ అంటే కెమెరా ఎన్ని ముఖాలు చూపించింది? ఆ ముఖాల లెక్క పేజీల కొద్దీ సిద్ధాంతం కంటే గట్టి సాక్ష్యం.

మాండలికం గడి కూడా అంతే. హీరోహీరోయిన్ల కుటుంబాలు ఏ జిల్లా వాళ్లయినా చాలావరకు పుస్తకాల తెలుగే మాట్లాడతాయి. తెలంగాణ యాసో, రాయలసీమ యాసో, ఉత్తరాంధ్ర యాసో ఎవరి నోట పెట్టారు? వాచ్‌మన్, పనిమనిషి, రౌడీ, నవ్వించే బాబాయి? ఈ విమర్శ తెలుగు సినిమా మీద ఎప్పటి నుంచో ఉంది. తెలంగాణ ఏర్పడ్డాక పరిస్థితి కొంత మారిందంటారు. మారిందో లేదో మీ పట్టిక చెప్పాలి, మీ అభిప్రాయం కాదు.

కులం గడి పెట్టలేదేం అంటారేమో. పెట్టండి, కానీ జాగ్రత్త. సీరియళ్లలో సాధారణంగా కులం పేరు వినపడదు. ఇంటిపేరు, ఊళ్లో భూములు, భోజనంలో మాంసం ఉందా లేదా, పెళ్లితంతు, పూజగది, వీటిని బట్టి ప్రేక్షకులు తమకు తాము పోల్చుకుంటారు. మీరూ కులం పేరు రాయకండి. గుర్తులు మాత్రం రాయండి. అందరూ ఒకే రకం పూజగది, ఒకే రకం పెళ్లి, ఒకే రకం భోజనంతో కనిపిస్తే, కులం లేనట్టు చూపించడమే ఒక కులం జీవితాన్ని అందరి జీవితంగా చూపించడమని వాదించడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

పట్టిక మీ ఒక్కరి కంటి చూపు కాదని చూపించడానికి 30లో 5 ఎపిసోడ్లను స్నేహితురాలితో విడిగా చేయించండి. ఇద్దరి పట్టికలు 90 శాతం కలిశాయని సంబరపడకండి. 100 సీన్లలో ‘కోర్టు ప్రస్తావన ఉందా’ అన్న గడిలో ఇద్దరూ చెరో 10 చోట్లే ‘ఉంది’ అని రాసి, 90 సీన్లలో ఏకీభవించారనుకోండి. కళ్లు మూసుకుని ఆ దామాషాలోనే టిక్కులు పెట్టినా 82 కలుస్తాయి (0.9×0.9 + 0.1×0.1). అదృష్టం పోగా మిగిలిన ఏకీభావం (0.90−0.82)÷(1−0.82), అంటే 0.44. దీన్నే కప్పా అంటారు. 0.7 దాటితే ధైర్యంగా వాడొచ్చు. 0.44 వస్తే తప్పు స్నేహితురాలిది కాదు, గడికి మీరు రాసుకున్న నిర్వచనానిది. తిరగరాసి మళ్లీ చేయండి.

5. తెర వెనక డబ్బు లెక్క

ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. అన్నింటికీ భావజాలమే కారణమనేవాళ్లు కొందరు, అంతా టీఆర్పీయే అనేవాళ్లు కొందరు.

ఉమ్మడి కుటుంబాన్ని తీసుకోండి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో నలుగురికి మించి కనిపించని రోజుల్లో సీరియల్ ఇంట్లో మాత్రం పన్నెండు మంది ఒకే మెట్ల దగ్గర నిలబడి ఉంటారు. సంప్రదాయాన్ని కీర్తించడానికేనా? అది ఒక కారణం. ఒకే బంగళాను అద్దెకు తీసుకుని, ఒకే లైటింగ్‌లో, ఒకే కాల్షీట్‌లో అందరి సీన్లూ తీయగలగడం ఇంకో కారణం. రెండూ రాయండి. చవగ్గా తీయగలిగిన ఇల్లు ఆదర్శమైన ఇల్లుగా ఎలా మారిందన్నదే అసలు విషయం. పడుకునేటప్పుడు కూడా పట్టుచీర, నెక్లెస్ ఎందుకని అడిగే ముందు, ప్రకటన ఇచ్చే నగల దుకాణాల జాబితా మీ విరామాల కాగితంలో ఉందేమో చూసుకోండి.

నటి తప్పుకుంటే పాత్ర కోమాలోకి పోతుంది, లేదా విదేశాలకు పోతుంది, లేదా ప్లాస్టిక్ సర్జరీతో తిరిగొస్తుంది. దాన్ని ‘స్త్రీ గొంతు నొక్కేయడం’ అని రాసి వైవాలో (మౌఖిక పరీక్షలో) దొరికిపోకండి. తారాగణం మార్పులను ఎపిసోడ్ జాబితా పక్కనే రాసుకోండి.

రేటింగుల సంగతి. 2015 నుంచి టీవీ రేటింగులు ఇస్తున్నది బార్క్ అనే సంస్థ. వారానికోసారి లెక్కలు వస్తాయి, కథలోని ట్రాకులు వాటిని బట్టి మలుపు తిరుగుతాయి. అంటే సీరియల్ ముందే రాసి పెట్టిన నవల కాదు. రేటింగ్ పడిన వారాల పక్కన కథలో ఏం మారిందో వరుసగా పెట్టి చూడండి. చదువుకున్న కోడలు ఉద్యోగం ట్రాక్ ఎప్పుడు ఆగి, ఇంట్లో కుట్ర ట్రాక్ ఎప్పుడు మొదలైందో అక్కడ తెలుస్తుంది. కానీ ‘జనం అడిగారు కాబట్టి ఇచ్చారు’ అని మాత్రం రాయకండి. ఇచ్చిన వాటిలోంచే జనం అడగగలరు.

యాజమాన్యం గురించి ఒక పేరా చాలు. జెమిని సన్ గ్రూపుది. మా టీవీ 2015లో స్టార్ చేతికి వెళ్లింది, 2024 చివరి నుంచి రిలయన్స్, డిస్నీల ఉమ్మడి సంస్థ కింద ఉంది. యజమాని పార్టీ ఏదో తెలుసుకుని అదే సీరియల్ రాజకీయం అనుకోవడం తొందరపాటు. రీమేకులను చూస్తే ఎక్కువ దొరుకుతుంది. ‘కరుత్తముత్తు’ మన దగ్గర ‘కార్తీక దీపం’, తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’, కన్నడంలో ‘ముద్దులక్ష్మి’ అయింది. ఒకే సీన్‌ను రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి, కదలని దానిని ఒక రంగుతో, మారిన దానిని ఇంకో రంగుతో గీయండి. మలయాళంలో మొదట్లోనూ, తెలుగులోనూ కథానాయిక ప్రేమీ విశ్వనాథే, పాత్ర కోసం మేకప్‌తో రంగు తగ్గించారు. రంగు వివక్షను ఖండించే కథకు నల్లని రంగు మేకప్ పెట్టెలోంచి రావడం గురించి ఒక అధ్యాయం రాయొచ్చు.

6. ఇప్పుడు సిద్ధాంతం, మూడు పనిముట్లు చాలు

గ్రాంసీ, ఇటలీ మార్క్సిస్టు. ముస్సోలినీ జైల్లో 1929 నుంచి 1935 మధ్య రాసిన నోటు పుస్తకాల్లో ఆయన వేసుకున్న ప్రశ్న: లాఠీ లేకుండా జనం ఎందుకు ఒప్పుకుంటారు? సమ్మతితో నడిచే ఆధిపత్యాన్ని ఆయన హెజెమొనీ అన్నాడు. మన పట్టికలో ‘ఎవరి మాట నెగ్గింది’ గడికి ఇది పనికొస్తుంది. నెగ్గిన మాట భయపెట్టి నెగ్గిందా, ‘కుటుంబం కోసం’ అన్న మాటతో నెగ్గిందా, రెండు కుప్పలుగా వేరు చేయండి. ఆధిపత్యం ఎప్పుడూ కొంత వదులుకుంటుందని కూడా ఆయన చెప్పాడు. కోడలికి ఉద్యోగం ఇస్తారు, కానీ ఆ ఉద్యోగం మామగారి కంపెనీలోనే ఉంటుంది. ఇచ్చింది ఎంత, ఉంచుకుంది ఎంత అని చూడండి.

అల్తుసర్, ఫ్రెంచి మార్క్సిస్టు తత్వవేత్త. పోలీసు వెనక నుంచి ‘ఏయ్, నువ్వే’ అంటే మనిషి తిరిగి చూస్తాడు. తిరగడంలోనే ఆ పిలుపుకు లోబడిన మనిషి అవుతాడని 1970 వ్యాసంలో రాశాడు. సీరియల్ కూడా మనల్ని అలా పిలుస్తుంది. కోడలిగానా, అత్తగానా, ఆడబిడ్డగానా? కెమెరా ఎవరి భుజం మీద నుంచి చూస్తుందో గమనిస్తే తెలుస్తుంది. ఇది అతిగా వాడితే ప్రేక్షకులంతా గొర్రెల మందలా తయారవుతారు. దానికి విరుగుడు మూడోది.

స్టూవర్ట్ హాల్, బ్రిటన్‌లో మీడియా, సంస్కృతుల మీద పనిచేసిన మేధావి. 1973లో బర్మింగ్‌హామ్‌లో రాసిన వ్యాసంలో, తయారు చేసినవాళ్లు పెట్టిన అర్థమే చూసేవాళ్లకు చేరుతుందన్న హామీ లేదన్నాడు. మూడు దారులు: చెప్పింది చెప్పినట్టు తీసుకోవడం, సగం ఒప్పుకుని సగం తమ బతుక్కు సర్దుకోవడం, తిరగబడి చదవడం. మన దేశంలో దీనికి ‘హమ్ లోగ్’ను మించిన ఉదాహరణ లేదు. మెక్సికోలో మిగెల్ సబీదో నడిపిన పద్ధతిలో, కుటుంబ నియంత్రణ, స్త్రీల హోదా లాంటి సందేశాలు చెప్పడానికి దూరదర్శన్ 1984 జూలైలో మొదలుపెట్టిన సీరియల్ అది. 1985 డిసెంబర్ దాకా నూటయాభైకి పైగా ఎపిసోడ్లు నడిచింది. ప్రతి ఎపిసోడ్ చివరా అశోక్ కుమార్ వచ్చి నీతి విడమరిచి చెప్పేవాడు. మొదట్లో సందేశం ఎక్కువై జనానికి నచ్చకపోతే తగ్గించి కథ పెంచారు. అందులో భాగవంతి నోరు మెదపకుండా అన్నీ భరించే తల్లి. ఇలా ఉండకూడదు అని చెప్పడానికే ఆ పాత్ర. తీరా చూస్తే ఆమెనే ఆదర్శమనుకున్న ప్రేక్షకులు చాలామంది తేలారు. అశోక్ కుమార్ అంతలా చెప్పినా!

గ్రాంసీ, అల్తుసర్, హాల్, ఈ ముగ్గురికీ కులం తెలియదు. ఒకదానితో ఒకటి కలబడే రెండు వర్గాల బదులు, మెట్లు మెట్లుగా పేర్చిన అసమానత గురించి చెప్పింది అంబేడ్కర్. అట్టడుగు మెట్టు తప్ప ప్రతి మెట్టు మీది మనిషికీ తన కింద ఇంకొకరు ఉంటారన్న ఆ మాట సీరియల్ ఇంటికి అచ్చంగా సరిపోతుంది: పెద్దత్త, అత్త, పెద్దకోడలు, చిన్నకోడలు, పనిమనిషి. పనిమనిషి మీద చిన్నకోడలు విసుక్కునే సీన్లను వేరే గుర్తుతో లెక్కపెట్టండి.

పార్టీ రాజకీయం గురించి రాయదలచుకుంటే ‘రామాయణ్’ దగ్గర మెలకువలు నేర్చుకోండి. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం ఉదయాల్లో వచ్చింది. వేసింది కాంగ్రెస్ ప్రభుత్వం చేతిలోని దూరదర్శన్. 1990లో అయోధ్య రథయాత్ర జరిగింది. 1991లో సీత పాత్రధారి దీపికా చిఖలియా బరోడా నుంచి, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి బీజేపీ ఎంపీలయ్యారు. సీరియల్ వల్లే ఇదంతా అని రాస్తే తప్పు, సంబంధమే లేదంటే అదీ తప్పు. కోట్లాది మందికి ఒకే సమయంలో ఒకే రామకథ ముందుంచడం వల్ల, ఆ కథ పేరుతో అందరినీ ఒక్కసారిగా ఉద్దేశించి మాట్లాడే వీలు రాజకీయానికి దొరికింది. మీరు చూపించగలిగింది అంతవరకే. 1988లో సీరియల్ ముగిసే రోజుల్లో ఉత్తరాదిలో వాల్మీకి సమాజానికి చెందిన పారిశుద్ధ్య కార్మికులు, కథ వాల్మీకి ఆశ్రమం దాకా పోవాలని సమ్మె చేశారు. చూసేవాళ్లు సీరియల్‌ను పొడిగింపజేసిన ఆ ఉదంతాన్ని వదిలేసి రాసిన పేపర్లు కుంటివి.

7. చూసేవాళ్లను అడగడం

నాలుగు గుంపులు, గుంపుకు 4 నుంచి 6 మంది. అత్తాకోడళ్లను ఒకే గుంపులో కూర్చోబెడితే మీ రికార్డింగ్‌లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పనికి వెళ్లేవాళ్లు, ఇంట్లో ఉండేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఒకప్పుడు చూసి మానేసినవాళ్లు, ఇలా విడదీయండి. మానేసినవాళ్లను అందరూ మరిచిపోతారు, ఎక్కువ చెప్పేది వాళ్లే. సీరియల్ టైమ్‌లో వెళ్లకండి.

‘మీకు ఈ సీరియల్ నచ్చిందా?’ అని అడిగితే చదువుకున్న అమ్మాయి వచ్చిందని ‘అబ్బే, మేం అంతగా చూడమమ్మా, పిల్లలు పెడితే చూస్తాం’ అంటారు. దాని బదులు ‘నిన్న ఏమైందండీ?’ అని కథ చెప్పించుకోండి. ఏది ముందు చెప్పారు, ఏది వదిలేశారు, ఎవరిని ‘పాపం’ అన్నారు, ఎవరిని ‘దొంగమొహంది’ అన్నారు, ఇదే హాల్ చెప్పిన మూడు దారులకు ముడిసరుకు. తర్వాత ఒక్క సీన్ ఫోన్లో చూపించి, మధ్యలో ఆపి, ‘మీరైతే ఏం చేసేవారు?’ అనండి. చాలామంది సీరియల్‌ను తిడుతూనే రోజూ చూస్తారు. దాన్ని అమాయకత్వంగా రాయకండి. తిట్టడం కూడా చూడటంలో భాగమే.

రికార్డు చేసే ముందు అనుమతి అడగండి, రాసేటప్పుడు పేర్లు మార్చండి. ఇంటి గుట్టు బయటపెట్టిన మాటలు ఎంత బాగున్నా వాడకండి.

8. రాయడం

5,000 పదాల పేపర్ అయితే సిద్ధాంతానికి 800 మించకూడదు. పద్ధతికి 600. మిగిలినదంతా మీ పట్టిక, మీ సీన్లు, మీరు విన్న మాటలు. ప్రతి అంకె వెనక ఒక సీన్, ప్రతి సీన్ వెనక ఒక అంకె ఉండాలి. ‘62వ సీన్‌లో అత్తగారు తాళాలగుత్తి ఇచ్చింది’ అని చెప్పాక, మొత్తం సీన్లలో తాళాలు ఎన్నిసార్లు చేతులు మారాయో చెప్పండి. మీ వాదనకు అడ్డుపడే సీన్ ఒకటి తప్పకుండా దొరుకుతుంది, దాన్ని దాచకుండా మధ్యలో పెట్టి ఎదుర్కోండి. వైవాలో అడిగేది దాన్నే.

డైలాగులను టీవీలో పలికినట్టే రాయండి, పుస్తకభాషలోకి దిద్దకండి. దిద్దితే మీ మాండలికం గడి పోతుంది. ఓటీటీలో ఎపిసోడ్లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి, నంబర్లు కూడా మారుతుంటాయి. అందుకని ఎపిసోడ్ నంబర్, ప్రసార తేదీ, మీరు చూసిన తేదీ మూడూ పట్టికలో ఉండాలి. ‘కార్తీక దీపం’ మీదే పని చేస్తుంటే పేపర్ పేరులోనే ‘2017–2023’ అని పెట్టండి. 2024 మార్చిలో అదే పేరుతో, అవే ముఖాలతో రెండో భాగం మొదలైంది. మీ పేపర్ దిద్దేవారు అదే చూస్తుండొచ్చు.